చెక్ ట్రేలో మిగిలిన మేత

మా ఊరు నరసాపురం దగ్గర. ఇంటి వెనక పంట కాలువ, కాలువ అవతల ఒకప్పుడు సార్వా, దాళ్వా రెండూ పండిన చేలు. ఇప్పుడక్కడ కనుచూపు మేర రొయ్యల చెరువులే. సాయంత్రాలు మా అరుగు మీద, వానొస్తే వసారాలో, హైస్కూలు పిల్లలకి లెక్కలు, సైన్సు ట్యూషన్ చెబుతాను. 11 ఏళ్ళుగా ఇదే పని.

కిందటేడాది మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే పాలకి వెళ్తున్నాను. మా ట్యూషన్‌కి వచ్చే ఒక పిల్లాడి తండ్రి చెరువు గట్టు మీద కూర్చుని చెక్ ట్రే పైకి లాగి చూసుకుంటున్నాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, చెక్ ట్రే అంటే తాడు కట్టి చెరువులోకి దించే వల పళ్ళెం. మేత చల్లేటప్పుడు దాంట్లోనూ కాస్త వేస్తారు. రెండు గంటలాగి పైకి లాగితే ఖాళీగా ఉండాలి. ఆ రోజు సగం మేత అలాగే ఉంది.

"నిన్న మాపటి నుంచి మేత తీసుకోట్లేదండి మేడంగారూ. నీళ్ళలో ఏదో తేడా చేసిందండి," అన్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. లీజు చెరువు, అప్పు మేత. ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని బండెక్కి భీమవరం ల్యాబుకి పరిగెత్తాడు. పీహెచ్, అమ్మోనియా, డీఓ (అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) అన్నీ చూపించుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చి, సున్నం ఎంత చల్లాలో, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిప్పాలో లెక్క వేసుకున్నాడు.

అదే మనిషి ఆ సాయంత్రం కొడుకుని రెక్క పట్టుకుని మా అరుగు దగ్గరికి తీసుకొచ్చాడు. రెండో చేతిలో ప్రోగ్రెస్ కార్డు. లెక్కల్లో 100కి 19. "వీడికి బుర్ర లేదండీ. బుర్ర లేకపోతే లేదు, బద్ధకం కూడానండి. ఎంత చెప్పినా ఎక్కట్లేదు. మీరు రెండు తగిలించండి, నేనేం అనుకోను, ఆయ్."

రొయ్య మేత మానేస్తే రొయ్యని తిట్టిన రైతుని నేనింతవరకూ చూడలేదు. బద్ధకం రొయ్య అని ఎవరూ అనరు. మేత మిగిలిందంటే నీళ్ళు చూస్తారు, అడుగున మట్టి చూస్తారు, మేత బస్తా మీద తేదీ చూస్తారు, రాత్రి కరెంటు ఎంతసేపు పోయిందో గుర్తు చేసుకుంటారు. కన్నకొడుకు దగ్గరికొచ్చేసరికి ఈ పరీక్షలేవీ ఉండవు. నేరుగా బుర్ర మీదికి వెళ్ళిపోతాం. ఈ వ్యాసంలో నా గోలంతా ఇదే. మనిషి ప్రవర్తనకి కారణం మనిషి లోపల, వాడి గుణంలోనో తెలివిలోనో ఉందని అనుకునే ముందు, వాడు ఈదుతున్న నీళ్ళు చూడాలంటాను. సైకాలజీ చెప్పేదాంట్లో మనకి నిజంగా పనికొచ్చే భాగం ఇదేనని నా నమ్మకం.

ఈ పొరపాటుకి ఆ శాస్త్రంలో ఒక పేరు కూడా ఉంది. ఎదుటివాడు చేసినదానికి వాడి స్వభావాన్నే కారణంగా చూసి, వాడున్న పరిస్థితిని తక్కువ లెక్క వేయడం మనుషుల మౌలిక పొరపాటు అని 1977లో లీ రాస్ అనే అమెరికన్ సైకాలజిస్టు పేరు పెట్టాడు. దానికి పదేళ్ళ ముందే, 1967లో, జోన్స్, హారిస్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది. క్యూబా నాయకుడు కాస్ట్రోని సమర్థిస్తూనో విమర్శిస్తూనో రాసిన వ్యాసాలు కొందరికి చదివించారు. "ఏ పక్షాన రాయాలో రాసినవాడికి మేమే చెప్పాం, అది వాడి ఇష్టం కాదు" అని స్పష్టంగా చెప్పాక కూడా, చదివినవాళ్ళు సమర్థిస్తూ రాసినవాడు లోపల కూడా కాస్ట్రో మనిషే అయ్యుంటాడని అనుకున్నారు. పరిస్థితి కళ్ళ ముందే ఉంది, అయినా కంటికి ఆనలేదు. అదే మన విషయానికొస్తే మాత్రం పరిస్థితి బాగా ఆనుతుంది. నాకు ఆలస్యమైతే ఏరు దాటించే పంటు రాలేదు, రేవులో గంట నిలబడ్డాను. వాడికి ఆలస్యమైతే వాడంతే, ఎప్పుడూ లేటే.

ఆ తండ్రిని ఆడిపోసుకుంటున్నానని అనుకోకండి. నేనూ ఆ బాపతే. పైగా నేను సైకాలజీ చదివి మరీ ఆ బాపతు.

చదవడం అంటే మన దగ్గర డీఎస్సీకి చదవడమే. టెట్‌లో శిశు వికాసానికి, పెడగాజీకి 30 మార్కులు ఉంటాయి కాబట్టి, పల్లెటూళ్ళలో కూడా పావ్లోవ్ పేరు తెలిసిన వాళ్ళు ఇంటికొకరు దొరుకుతారు. మా కోచింగ్‌లో అంతా బిట్లే. పావ్లోవ్ – కుక్క. థార్న్‌డైక్ – పిల్లి. స్కిన్నర్ – ఎలుక, పావురం. కోహ్లర్ – చింపాంజీ, దాని పేరు సుల్తాన్. మొత్తం ఒక చిన్న జంతుప్రదర్శనశాల. పావ్లోవ్‌కి నోబెల్ దేనికొచ్చిందంటే కుక్క మీద చేసిన నిబంధన (కండిషనింగ్) ప్రయోగానికి అని టిక్కు పెట్టి నేనొక మార్కు పోగొట్టుకున్నాను. 1904లో ఆయనకి బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. లాలాజలం కొలవబోతే, మేత తెచ్చే మనిషిని చూడగానే కుక్కకి నోరూరడం కనిపించింది, కథ అక్కణ్ణుంచి మొదలైంది. ఇక ఆ పరిభాష ఉంది చూశారూ, శాస్త్రీయ నిబంధనం, పునర్బలనం, అయత్నసిద్ధ స్వాస్థ్యం... ఈ చివరి మాటని నేను ఇప్పటికీ ఒక్క ఊపిరిలో అనలేను.

పరీక్షకి ముందు నెల్లాళ్ళు రాత్రింబవళ్ళు చదివాను. పరీక్షయిన నెలకి ఏమీ మిగల్లేదు. తమాషా ఏమిటంటే, ఎందుకు మిగల్లేదో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఎబ్బింగ్‌హౌస్ – విస్మృతి వక్రరేఖ, 1885. బిట్టుగా చదివాను, దాటేశాను.

ఎబ్బింగ్‌హౌస్ జర్మన్. ప్రయోగశాల లేదు, ప్రయోగానికి మనుషులు లేరు, కాబట్టి తన మీదే చేసుకున్నాడు. అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలు సుమారు 2,300 తయారు చేసుకుని, వాటిని వరసలుగా బట్టీపట్టి, కొంతసేపాగి మళ్ళీ నేర్చుకునేవాడు. రెండోసారి నేర్చుకోవడానికి ఎంత శ్రమ ఆదా అయిందన్నది ఆయన కొలత. 20 నిమిషాల తరవాత 58 శాతం ఆదా. గంటకి 44. ఒక రోజుకి 34 దగ్గరికి దిగింది. అక్కణ్ణుంచి ఆ జారుడు నెమ్మదిస్తుంది, నెల తరవాత కూడా 21 శాతం ఉంది. అర్థం ఉన్న సంగతులు ఇంత వేగంగా జారిపోవనీ, ఒకేసారి గుదిగుచ్చి చదివేకంటే రోజులు ఎడం చేసి చదివితే తక్కువ శ్రమతో నిలుస్తాయనీ కూడా ఆయనే చూశాడు.

ఇది మా డెల్టా రైతుకి చెప్పాలంటే ఒక్క మాట చాలు, తడి. దాళ్వాకి నీళ్ళు చాలని ఏడాది కాలువకి వంతులు పెడతారు. ఈ వారం మీకు, వచ్చే వారం పై ఊరికి. "మా వంతు నీళ్ళన్నీ ఒకే రోజు వదిలేయండి, ఇక సీజనంతా అడగం" అని ఏ రైతూ అనడు. చేను ఒకరోజు తాగగలిగింది ఒకరోజే తాగుతుంది, మిగతాది గట్లు తెంపుకుని మురుగు కాలువలో కలుస్తుంది. మేము పిల్లల చేత మార్చి నెలలో చేయించేది మటుకు సరిగ్గా అదే. జూన్ నుంచి జనవరి దాకా ఎండగట్టి, పరీక్షల ముందు నైట్ స్టడీ పేరుతో గండి కొట్టేస్తాం.

రెండో సంగతి నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే నా ట్యూషన్ నడిచే పద్ధతే తప్పని చెప్పింది. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చుని పైకి చదవడం, ముఖ్యమైన వాక్యాల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీయడం, అది విని తల్లిదండ్రులు వీధిలోంచి సంతోషపడటం, ఇదీ మా పద్ధతి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం పక్కన పెట్టి, గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి, 81కి 75 శాతం. వారం తరవాత పెడితే తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్ళకి 42 శాతం గుర్తుంది, చదివి రాసుకున్నవాళ్ళకి 56. అంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం నేర్చుకున్నదాన్ని కొలవడమే అనుకున్నాం ఇన్నాళ్ళూ, తీరా చూస్తే నేర్చుకోవడంలో అది పెద్ద భాగం.

ఐదు నిమిషాల ఫలితం దగ్గరే మనమంతా మోసపోతాం. మళ్ళీ చదువుతుంటే వాక్యాలు తెలిసిన మొహాల్లా కనిపిస్తాయి. తెలిసిన మొహం కనిపించగానే ఆ మనిషి తెలుసనుకుంటాం. పేరు చెప్పమంటే తెల్లమొహం వేస్తాం. పెళ్ళిళ్ళలో నాకు ఎప్పుడూ జరిగేదే ఇది.

సరే, నేను పద్ధతి మార్చాను. అరగంట చెప్పడం, పుస్తకాలు మూయించడం, తెల్లకాయితం ఇచ్చి గుర్తున్నది రాయమనడం. నిన్నటిది రెండు ప్రశ్నలు, పోయిన వారానిది రెండు, పోయిన నెలది ఒకటి. మార్కులు లేవు. పది రోజులకే గొడవ మొదలైంది. పిల్లలకి అది చదువులా అనిపించలేదు, శిక్షలా అనిపించింది. తల్లిదండ్రులకి అరుగు మీద నుంచి శబ్దం రావట్లేదు. "ఏమండీ, పుస్తకాలు మూయించేస్తున్నారంట గదా, మరి ఫీజు దేనికండీ?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. ఇద్దరు పిల్లలు మానేశారు కూడా. మిగతావాళ్ళకి మూడు నెలలకి తేడా తెలిసింది. అద్భుతాలేం జరగలేదు. 40లు 55లయ్యాయి, 19 మాత్రం 19 దగ్గరే ఉంది. ఆ 19 సంగతికి మళ్ళీ వస్తాను.

భయం గురించి చెప్పాలంటే ముందు మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పుట్టిల్లు అమలాపురం దగ్గర. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను వచ్చినప్పుడు నేనూ అమ్మా అక్కడే ఉన్నాం. కొబ్బరి చెట్లు పడుతుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేను రాయలేను. వెయ్యి మందికి పైగా పోయిన తుఫాను అది. ఆ తరవాత ఇన్నేళ్ళకీ, ఏ రాత్రయినా గాలి కొబ్బరి మట్టల్లో ఒక రకంగా ఈల వేస్తే చాలు, అమ్మ లేస్తుంది. దీపం పెట్టదు, మాట్లాడదు. బీరువాలోంచి మా సర్టిఫికెట్లు, పొలం కాయితాలు తీసి ప్లాస్టిక్ కవరులో చుట్టి కట్టేసి, దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. తుఫాను లేదని టీవీలో చెప్పినా అంతే. "తెలుసులేవే, చెయ్యి ఊరుకోదు," అంటుంది.

కుక్కకి నోరూరడమూ, మా అమ్మ చెయ్యి ఊరుకోకపోవడమూ ఒకే యంత్రం. ఒక గుర్తు, దాని వెంటే ఒక దెబ్బ. రెండూ జతపడితే, తరవాత ఆ గుర్తు ఒక్కటే చాలు. మామూలుగా జత పడటానికి మళ్ళీ మళ్ళీ జరగాలి, ప్రాణభయమైతే ఒక్కసారి సరిపోతుంది. ఇక నా అరుగు మీద "బోర్డు దగ్గరికి రా" అనగానే అరచేతులు చెమటపట్టే పిల్లలుంటారు. ఆ చెమటకి లెక్కలతో సంబంధం లేదు. నాలుగో తరగతిలో ఎవరో ఎక్కం తప్పినందుకు వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టారు. బోర్డుకీ దెబ్బకీ జతపడింది. భయం ఆక్రమించుకున్న బుర్రలో భిన్నాలకి చోటు ఉండదు. వాణ్ణి చూసి మనం బుర్ర లేదంటాం.

గుర్తు వచ్చినా దెబ్బ రాకుండా చాలాసార్లు జరిగితే ఆ జత సడలుతుంది, దాన్నే మా బిట్లలో విరమణ అనేవాళ్ళం. నేను కూడా బోర్డుని అలాగే మచ్చిక చేయించాను. తప్పు చేసినా నవ్వడం లేదు, కొట్టడం లేదు, చాక్‌పీసు వాళ్ళ చేతికే. కొన్ని వారాలకి సర్దుకున్నారు. సంక్రాంతి సెలవుల తరవాత వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు నాకు ఆ నోరు తిరగని మాట గుర్తొచ్చింది, అయత్నసిద్ధ స్వాస్థ్యం! చల్లారిందనుకున్న స్పందన కొంత ఎడం తరవాత దానంతటదే తిరిగి రావడాన్ని పావ్లోవ్ తన కుక్కల్లోనే చూశాడు. పాతది చెరిగిపోదు, దాని మీద కొత్తది పరుచుకుంటుందంతే. పన్నెండేళ్ళ కిందట ఒక మార్కు కోసం బట్టీపట్టిన మాటకి ఆ రోజు అర్థం తెలిసింది.

"మా రోజుల్లో దెబ్బలు తిని చదువుకోలేదా, బాగుపడలేదా?" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఉద్యోగం చేసి రిటైరై ఆ మాట అంటారు. వాళ్ళ క్లాసులో దెబ్బలు తట్టుకోలేక ఏడో తరగతితో గేదెల వెనక పోయినవాళ్ళు ఆ మాట అనడానికి వాళ్ళ పక్కన లేరు. మిగిలినవాళ్ళనే లెక్కపెడితే ఏ వైద్యమైనా గొప్పదే. శిక్ష అప్పటికి పనిని ఆపుతుంది గానీ దాని బదులు ఏం చెయ్యాలో నేర్పదని స్కిన్నర్ జీవితమంతా చెప్పాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. చట్టం సంగతి చెబితే ఆ పెద్దలు నవ్వుతారు, అందుకే నేను చేపల సంగతి చెబుతాను. ఆకివీడు వైపు మా పెదనాన్నకి చేపల చెరువులుండేవి. సంచులకి చిల్లులు పెట్టి, తవుడూ చెక్కా నింపి, నీళ్ళలో పాతిన వెదురు గెడలకి కట్టేవారు. వేళకి పడవ చప్పుడైతే చాలు, శీలావతులూ బొచ్చెలూ గెడల చుట్టూ మూగేవి. అక్కడ ఒక్కరోజు సంచుల బదులు కర్రతో నీళ్ళు బాదితే మర్నాడు వస్తాయా? పెదనాన్న దగ్గర ఈ ప్రశ్న వేస్తే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

అయితే దెబ్బ బదులు బహుమతి అనుకున్నాను. అక్కడ నేనే బోర్లా పడ్డాను.

మా అన్నయ్య కూతురికి ముగ్గులంటే ప్రాణం. ధనుర్మాసంలో చలిలో లేచి, చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, తప్పొస్తే నీళ్ళు చల్లి మళ్ళీ వేసేది. ఎనిమిదేళ్ళ పిల్ల. మురిసిపోయి నేనొక పథకం పెట్టాను, మంచి ముగ్గుకి పది రూపాయలు. పదిహేను రోజులు ఇచ్చాను. మొదట ముగ్గులు పెద్దవయ్యాయి, తరవాత చిన్నవయ్యాయి, భోగి నాటికి రోజూ ఒకే ముగ్గు, గబగబా వేసేసి చెయ్యి చాపేది. పండగయ్యాక పథకం ఆపేశాను. మర్నాడు వాకిలి బోసిగా ఉంది. "ముగ్గెయ్యవేంటమ్మా?" అంటే, "ఎంతిస్తావత్తా?" అంది.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ముగ్గురూ అమెరికాలో ఒక శిశువిహారంలో చేసిన పని అచ్చం ఇదే. బొమ్మలు వేయడం బాగా ఇష్టపడే పిల్లల్నే ఎంచుకున్నారు. కొందరికి వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తరవాత ఊరికే ఆడుకోమని వదిలేస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి ఆ నష్టం లేదు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టామంటే, అది కూలి పని అని మనమే చెప్పినట్టు. బొత్తిగా ఇష్టం లేని పనిని మొదలుపెట్టించడానికి చిన్న తాయిలం పనికొస్తుంది, అది నేను కాదనను. మా ట్యూషన్‌లో ఇప్పటికీ జీళ్ళ డబ్బా ఉంది. ఎప్పుడు తెరుస్తానో మాత్రం చెప్పను.

చెప్పకపోవడంలో కూడా ఒక ప్రమాదం ఉంది, మా బాబాయిని చూస్తే తెలుస్తుంది. సంక్రాంతికి కోడి పందేల బరి పక్కన వేసే గుండాట అనే జూదంలో ఆయన రెండెకరాల కొబ్బరితోట పోగొట్టుకున్నాడు. ఎన్ని సార్లకి ఒకసారి బహుమతి వస్తుందో తెలియకుండా, అటూ ఇటూగా వస్తుంటే, పావురమైనా మనిషైనా ఆగకుండా పొడుస్తూనే ఉంటుందని స్కిన్నర్, ఫెర్‌స్టర్ 1957లో పెద్ద పుస్తకమే వేశారు. ప్రతిసారీ ఓడితే బాబాయి రెండో రోజుకే ఇంటికొచ్చేవాడు. అప్పుడప్పుడూ గెలవడం వల్లే మునిగాడు. ఆయన్ని ఊరంతా బుద్ధిలేనివాడంటుంది. ఆ గుండాట బల్లని అలా కట్టినవాడి బుద్ధి గురించి ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు అదే బల్ల పిల్లల జేబుల్లో ఫోను రూపంలో ఉంది.

ఇక్కడ ఒక చిన్న అక్కసు తీర్చుకోనివ్వండి. ఆ మధ్య టౌనులో ఒక ప్రైవేటు స్కూలు తల్లిదండ్రుల్ని పిలిచి, పిల్లలకి ఏదో టెస్టు పెట్టి, మీవాడు చూసి నేర్చుకునే రకం, మీ అమ్మాయి విని నేర్చుకునే రకం అని రంగుల రిపోర్టులు చేతిలో పెట్టింది. ఊరికే కాదు, డబ్బుకి. రకాన్ని బట్టి బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారాలు లేవని 2008లో పాష్లర్ బృందం పరిశోధనలన్నీ జల్లెడ పట్టి తేల్చింది. బుర్ర లేదనడానికీ, వీడి బుర్ర ఈ రకం అనడానికీ పెద్ద తేడా లేదు. రెండూ నీళ్ళు చూడకుండా తప్పించుకునే దారులే.

పిల్లలందరూ ఒకటేనని నేననట్లేదు. ఒకసారి చెబితే పట్టేసేవాళ్ళున్నారు, పదిసార్లు చెప్పాల్సినవాళ్ళున్నారు. కానీ పదిసార్లు చెప్పాల్సినవాడికి మనం ఒక్కసారి చెప్పి, మిగతా తొమ్మిదిసార్లు తిడుతున్నాం. అలా తిట్లు తిన్నవాడికి ఏమవుతుందో 1967లో సెలిగ్‌మన్, మేయర్ కుక్కల మీద చూశారు. ఏం చేసినా తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో చాలావాటిని తరవాత తప్పించుకోగలిగే చోట పెట్టినా అవి కదల్లేదు, పడుకుని మూలిగాయి. దీన్ని నేర్చుకున్న నిస్సహాయత అన్నారు. యాభై ఏళ్ళ తరవాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు పరిశోధనల ఆధారంగా తమ మాట తామే తిరగేశారు. ఎడతెగని బాధలో చతికిలబడటం ఎవరూ నేర్పక్కర్లేదట, అది సహజంగానే వస్తుంది. నేర్చుకోవాల్సింది "నా చేతిలో కొంత ఉంది" అన్న సంగతే. నాకు ఈ సవరణ అసలుకంటే విలువైనదిగా తోస్తుంది. మన వాడుకలో బద్ధకం అన్నదాంట్లో ఎంత భాగం ఇదో ఆలోచించండి.

ఆ సంగతి నేర్పడం ఎలాగో మా కాలవ గట్టు మీద ప్రతి తాతకీ తెలుసు. నాకు ఈత నేర్పింది తాతయ్యే. ఒలవని ఎండు కొబ్బరికాయలు రెండు తాడుతో జతకట్టి, వాటి మధ్య పొట్ట ఆనించి నీళ్ళలోకి దింపాడు. వారానికి ఒక కాయ తీసేశాడు. తరవాత రెండోదీ తీసేసి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టాడు. ఆ వేళ్ళు ఎప్పుడు తీశాడో నాకు తెలియదు. లేసు అల్లిక కూడా అమ్మ అలాగే నేర్పింది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకి 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన పని అది. తను అల్లుతున్న ముక్కకే అంచు గొలుసు నా చేతికిచ్చేది, తప్పు పోతే కనపడని చోట. సొంతంగా చెయ్యలేనిది, పక్కన ఒకరుంటే చెయ్యగలిగేది, ఆ మధ్యనున్న జాగాలోనే నేర్పాలని 37 ఏళ్ళకే, 1934లో పోయిన రష్యన్ సైకాలజిస్టు వైగాట్‌స్కీ రాశాడు. తాతయ్యకి సంతకం తప్ప రాయడం రాదు.

ఇక 19 మార్కుల కుర్రాడు. వాడు నా అరుగు మీద కునుకు తీస్తుంటే నేను రెండు నెలలు చాక్‌పీసు ముక్కలు విసిరాను. ఒప్పుకుంటున్నాను. ఇంత సైకాలజీ చదివి, నీళ్ళు చూడాలని ఊరందరికీ చెబుతూ, వాడి నీళ్ళు నేను చూడలేదు. ఒకరోజు విసురుగా, "రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా?" అన్నాను, తిట్టడానికే. "పన్నెండు దాకా పడుకున్నానండి. పన్నెండు నుంచి నా డ్యూటీ అండి," అన్నాడు మామూలుగా.

చెరువు కాపలా. తండ్రి పన్నెండు దాకా, వీడు తెల్లారి ఐదు దాకా. కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి, లేకపోతే ఏరియేటర్లు ఆగి డీఓ పడిపోయి తెల్లారేసరికి పంటంతా తేలిపోతుంది. పంట వేసిన దగ్గర్నుంచి ఇదే. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థుల మీద పరీక్షించి చూశారు, నేర్చుకున్నాక నిద్రపోతే నిలిచేది, అన్నే గంటలు మేలుకుని ఉంటే నిలిచేదానికంటే చాలా ఎక్కువని. నేను వాడి చేత పుస్తకం ఎన్నిసార్లు మూయించినా ఏం లాభం, వాడి కన్ను మూతపడటానికే వేళ లేదు.

తండ్రితో చెప్పాను. చెక్ ట్రే మాట కూడా ఎత్తాను, కాస్త ఎత్తిపొడుపుగానే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "కాపలా మనిషిని పెట్టాలంటే నెలకి ఎంతవుద్దో తెలుసా అండీ?" అన్నాడు చివరికి. తెలుసు. కొడుకు ఫీజులు అప్పు చేసి కడుతున్న సంగతీ తెలుసు. ఆయన చుట్టూ ఉన్న నీళ్ళు కూడా బాగోలేవు. రొయ్య కౌంటు ధర పడిపోయిన ఏడాది అది. బేరాలాడినట్టు మాట్లాడుకుని, రోజు విడిచి రోజు కాపలా అని కుదిరాం. మిగతా రోజుల్లో ఆయనే రాత్రంతా.

పరీక్షలకి పన్నెండు రోజులుందనగా, సాయంత్రం ఏడింటప్పుడు కరెంటు పోయింది. ఊరంతా చీకటి, నిమిషంలో చెరువుల మీద నుంచి జనరేటర్ల మోత ఒక్కొక్కటే లేచింది. వాళ్ళ చెరువు వైపు నుంచి రాలేదు. వాడు చెవి రిక్కించి విని లేచి నిలబడ్డాడు. పుస్తకం మూసేశాడు, నేను చెప్పక ముందే.

"నాన్న నరసాపురం వెళ్ళాడండి. రెండో లెక్క అడుగులు నోటికి చెప్పేస్తానండి, వచ్చాక రాస్తాను," అని సైకిలు స్టాండు తీస్తూనే చెప్పాడు. మూడో అడుగులో గుర్తు తప్పాడు, వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి అరిచి దిద్దుకున్నాడు. "మైనస్ అండీ!"